పెళ్లిచూపుల్లో ముత్యాలమ్మ పుంజు

నడుముకు సెల్‌ఫోను పౌచ్ తగిలించుకున్న కుర్రాడికి పెళ్లి సంబంధాలు కాస్త ఎక్కువగా వచ్చే రోజులవి. ఆ పౌచ్‌లో ఫోను ఉందా లేదా అని ఎవరూ తెరిచి చూసేవారు కాదు. (నా దాంట్లో ఉండేది. బ్యాలెన్సు ఉండేది కాదు.) అబ్బాయి నిజంగా ఏం చేస్తున్నాడన్న దానికంటే, ఏం చేస్తున్నాడని ఊళ్లో చెప్పుకుంటున్నారన్నదే అప్పట్లో లెక్క. మాది మిర్యాలగూడ. డిగ్రీ ఎలాగో గట్టెక్కి, సూర్యాపేటలో ఒక పశువుల మందుల దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చునేవాణ్ణి. గొర్రెలకు నట్టల మందు, బర్రెలకు కాల్షియం సీసా, కోళ్లకు టీకా అంటూ వచ్చినవాళ్లకు అడిగింది తీసివ్వడం, అంతే నా వైద్యం. కానీ సంబంధాలు కుదర్చడానికే పుట్టానని నమ్మే మా మేనమామ మోతె దగ్గర ఒక పల్లెకు వెళ్లి, మా పిలగాడు కోళ్ల డాక్టరని చెప్పి వచ్చేశాడు. అదేంటి మామా అంటే, మందులిచ్చేవాడు డాక్టరు కాకపోతే కాంపౌండరా అని నన్నే గదమాయించాడు.

నిజానికి కోళ్ల గురించి నాకు తెలిసిందంతా దుకాణం గోడమీదిదే. రకరకాల కోళ్ల బొమ్మలతో ఒక పెద్ద చార్టు అక్కడ వేలాడేది. బేరాల్లేని మధ్యాహ్నాలు దాన్నే చూస్తూ కూర్చోవడం వల్ల ఏ జాతికి తురాయి ఎలా ఉంటుందో, కాళ్లు ఎంత పొడవో, గొంతు కింద ఎర్రతోలు ఎంత వేలాడుతుందో నోటికి వచ్చేసింది. ప్రాణమున్న కోడిని మాత్రం చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. మా ఇంట్లో కోడి అంటే ఆదివారం నల్ల కవర్లో వచ్చేది. ఇవన్నీ అమ్మాయి వాళ్లకు చెప్పేద్దామనే అనుకున్నాను. అంతలో మామ ఆ అమ్మాయి ఫొటో నా చేతిలో పెట్టాడు. ఫొటో తీసేవాణ్ణి కూడా ఏదో తప్పు పట్టబోతున్నట్టు కొంచెం తల వంచి చూస్తోంది. నాకు ఆ చూపు ఎంత నచ్చిందంటే, ఈ సంబంధం కుదిరితే చాలు, కోళ్ల డాక్టరేం ఖర్మ, ఏనుగుల డాక్టరన్నా తలూపుదామనిపించింది.

పెళ్లిచూపులకు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లాను. గొర్రెల మందలు, పొలం ఉన్న ఇల్లు. వాకిట్లో నులక మంచం మీద అమ్మాయి తాత కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన, ఆ ఇంటికి యజమాని తానే అన్నట్టు, ఇంత లావు కోడిపుంజు ఒకటి నిలబడి ఉంది. మేం కూర్చోబోతే అది దిగలేదు. దాన్ని ఎవరూ అదిలించలేదు కూడా. మామే సర్దుకుని మంచం చివర ఒరిగాడు. సంగతేమిటంటే, మనవరాలికి మంచి సంబంధం కుదిరితే నాటుపుంజును ఇస్తామని అమ్మాయి నాయనమ్మ ఊరి దేవత ముత్యాలమ్మకు మొక్కుకుందట. తాత కోదాడ సంతకు పోయి, నాటులో నాటు, పందెంకోడి పిల్ల అని అమ్మినవాడు చెబితే ఏరికోరి తెచ్చి అమ్మవారి పేర విడిచాడు. అమ్మవారి పుంజు కాబట్టి దాన్ని కొట్టకూడదు, తిట్టకూడదు. అది వడ్లు తిన్నా, అన్నం కంచంలో కాలు పెట్టినా దండం పెట్టి ఊరుకోవాల్సిందే. అలా తిని తిని అది గొర్రెపిల్లంత అయింది.

అసలు తగాదా ఇక్కడే. ఇది నాటుది కాదు, ఫారాలలో పెంచే రకం, దొంగ కోడిని చూపిస్తే అమ్మవారికి కోపం రాదా, అందుకే వచ్చిన సంబంధమల్లా తప్పిపోతోందని నాయనమ్మ వాదన. తాతేమో సంతలో తన కంటికి తిరుగులేదంటాడు. నాకంటే ముందు వచ్చిన పెళ్లికొడుకులు తాతను మంచి చేసుకుందామని, ఆహా అసలైన నాటుపుంజు అన్నారట. నాయనమ్మ వాళ్లకు ఏదో ఒక వంక పెట్టి పంపించేసింది. ఇప్పుడు డాక్టరే వచ్చాడు కదా అని అందరూ నా వైపు తిరిగారు. మామ అమ్మాయిని పిలిపించమని మొహమాటంగా అడిగితే తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందుగాల మా పుంజు సంగతి తేల్చున్రి సారూ. పిల్ల యాడికి పోతది, ఇంట్లనే ఉంటది."

నాటుది అంటే నాయనమ్మ పంపించేస్తుంది, కాదంటే తాత. మధ్యేమార్గంగా ఏదైనా గొణుగుదామనుకుంటూనే పుంజు ముందు గొంతుక్కూర్చున్నాను. అక్కడే నా కొంప మునిగింది. ఎందుకంటే, చార్టులో ఇన్నాళ్లూ చూసినవన్నీ ప్రాణం పోసుకుని నా ఎదురుగా నిలబడ్డాయి! ఇక నన్ను ఆపడం ఎవరి తరం? పందెంజాతి కోడికి తురాయి చిన్నగా, గింజల్లా నెత్తికి అతుక్కుని ఉంటుందన్నాను, దీనిదేమో రంపం పళ్లలా నిటారుగా ఉందని వేలు పెట్టి చూపించాను. (వేలి మీద పొడిచింది. లెక్క చేయలేదు.) పందెంకోడి గొంతు కింద తోలు వేలాడదన్నాను, మెడ, కాళ్లు పొడుగ్గా ఉండి నిక్కి నిలబడుతుందన్నాను. మన నాటుకోడి ఒళ్లు తేలిక, అదిలిస్తే గోడెక్కుతుంది, దీనికి మంచం దిగడానికే బద్ధకం అన్నాను. అంతటితో ఆగక దాన్ని చంకలో పెట్టుకుని బరువు చూశాను. అది నా తెల్ల చొక్కా మీద చేయవలసింది చేసింది. అదీ లెక్క చేయలేదు.

ఈలోగా గోడ అవతల ఆడవాళ్లకు సంగతి తెలిసింది. ఒకామె మెడ మీద ఈకలు లేని పెట్టను తెచ్చింది, ఇంకొకామె నల్లకోడిని తెచ్చి నాలుక కూడా నల్లగా ఉందా లేదా చూడమంది. నేను ఒక్కొక్కదాని నోరు తెరిచి, రెక్కలు విప్పి, కాళ్ల రంగు చూసి జాతి చెబుతూ పోయాను. చుట్టూ మనుషులు, కోళ్లు, మధ్యలో చంకలో పుంజుతో నేను. మామ నా వీపు మీద గిల్లుతున్నాడని కూడా నాకు తోచలేదు. చివరికి నాయనమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. ఉన్నదున్నట్టు చెప్పు కొడుకా, అమ్మవారితోటి పరాచికాలొద్దు అంది. అంత ఊపులో ఉన్నవాడికి మధ్యేమార్గం ఎక్కడ గుర్తుంటుంది?

"ఇది నాటుది గాదు తాతా. ఫారాలల్ల పెంచే గిరిరాజ" అనేశాను.

తాత మొహం ఎర్రబడింది. అంటే సంతల నేను మోసపోయిన్నంటవ్ అని, రుమాలు దులిపి భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. ఆ లేవడంలోనే మాకు జవాబు ఉంది. మామ చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నేను వచ్చింది కోళ్ల కోసం కాదని. ఫొటోలోని ఆ చూపు ఇక ఈ జన్మకు లేదనుకుని, చంకలో పుంజుతో అలాగే నిలబడిపోయాను.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి, చాయ్ గ్లాసులతో. ఎంతసేపటి నుంచి గుమ్మంలో ఉందో తెలీదు. తల కొంచెం వంచి నన్నూ, చొక్కానూ, పుంజునూ చూసింది.

"కోళ్లనైతే మంచిగ సూసిన్రు. నన్ను సూసుడు అయిందా, నేను గూడ లైన్ల నిలవడాల్నా?"

కోళ్లు పట్టుకొచ్చిన ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. తాత మాత్రం నవ్వలేదు. ఆమె ఒక గ్లాసు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది.

"తాతా, ఇంతకుముందు వచ్చినోళ్లు నీ మొకం సూసి చెప్పిన్రు. ఈయన కోడి మొకం సూసి చెప్పిండు. నాకు ఈయనే మంచిగున్నడు."

తాత చాయ్ మొత్తం నిదానంగా తాగాడు. ఖాళీ గ్లాసు కింద పెట్టి, అమ్మినోడే దొంగ, నేనేం జేస్త అన్నాడు. అంతే, సంబంధం కుదిరింది. నాయనమ్మ పక్కింటి నుంచి అసలు సిసలు నాటుపుంజునొకదాన్ని తెప్పించి మొక్కు తీర్చుకుంది. గిరిరాజను అమ్మవారి పేర విడిచాక కోయడానికి ఎవరికీ ధైర్యం చాలక, అది మా పెళ్లి భోజనాలు కూడా తిని ఇంకా లావెక్కింది. మనుమరాలి మొగడు డాక్టరు గాబట్టి కనిపెట్టిండని తాత ఊరంతా చెప్పుకున్నాడు. నేను డాక్టర్ని కాదని మా ఆవిడకు మొదటి నుంచీ తెలుసట. డాక్టరైతే కోడి పొడిచినా వేలు తీయకుండా ఉంటాడా అంటుంది.

ఆ వాకిట్లో చూసిన కోళ్లన్నీ నాకు ఇవాళ్టికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. ఏ పెట్ట కాళ్లు ఏ రంగో అడిగితే నిద్రలో లేపినా చెబుతాను. కానీ పెళ్లిరోజు వచ్చినప్పుడల్లా మా ఆవిడ ఒకటే అడుగుతుంది, ఆ రోజు తను కట్టుకున్న చీర ఏ రంగని. ఒక ఏడు పసుపు అన్నాను, ఒక ఏడు నీలం అన్నాను. ఈసారి ధైర్యం చేసి చిలకపచ్చ అన్నాను. కాదంటూ నవ్వింది. మరేదో చెప్పవే అంటే చెప్పదు. అంత దగ్గరగా నిలబడి, కోడిని పట్టుకుని, ఆమెను చూడకుండా ఉండిపోయిన ఆ పిచ్చివాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మళ్లీ ఒక్కసారి వాడి తల ఆ గుమ్మం వైపు తిప్పించాలనీ ఉంటుంది.