విత్తనం కాయలు దక్కించిన యుద్ధవిమానం

మా కొడుకు హొసకోటలో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. అందులో యుద్ధవిమానం ఆట సరిగ్గా ఆడాలంటే ర్యామ్ పెంచి, కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయాలట. దానికి నేను విత్తనానికి దాచిన శనక్కాయలు అమ్మాలట! ఈ రోజు నా ఎదుటే ఆడి మూడుసార్లు కూలిపోయాడు.

"చూసినావా నాయనా, విమానం నిల్చి నిల్చి పోతాండాది. అంతలోకే శత్రువు కాల్చేస్తాండాడు."

"వాడూ నిల్చి నిల్చే వస్తాండాడు గదరా! జరుగు ఆ పక్కకి."

జాయ్‌స్టిక్ నేను పట్టుకున్నాను. మడక దున్నిన చేతికి ఆ నిదానం బాగా కుదిరింది. తీరిగ్గా గురి చూసి శత్రువును కూల్చేశాను. మావాడు నోరు తెరిచాడు.

"ఇంగా వేగం పెంచితే నేనెట్ల ఆడేదిరా? కార్డూ వద్దు, ఏందీ వద్దు" అన్నాను.

కాయలు మూటల్లోనే ఉన్నాయి, వానొస్తే విత్తుతాను. అంతవరకు నాకు పనిలేదు. నాతో యుద్ధానికి ఎవరొస్తారో రండి.