ఉప్పుకు సందివ్వని మనిషి

గంగారామన్న పోయాడు. జుబైల్ నుంచి, యాన్బూ నుంచి, దమ్మామ్ నుంచి ఆయనతో ఒకప్పుడు పనిచేసినవాళ్ళు ఫోన్లు చేసి "నిజమేనా మస్తాన్ భాయ్?" అని ఒకటే అడుగుతున్నారు. నిజమే. నేను తోలుతున్న బండిలో, నా పక్క సీట్లోనే పోయాడు. ఈ దుర్వార్త అందరికీ నేనే చెప్పాను గానీ, నాకు నేను మాత్రం ఇంకా చెప్పుకోలేకపోతున్నాను. కడపలో తెలుగు సాహిత్యం చదువుకుని ఈ సౌదీ ఎడారిలో నీళ్ళ ట్యాంకరు తోలుకుంటున్న నా చేతికి ఇన్నేళ్ళకు మళ్ళీ కలం వచ్చింది. ఇందుకోసమా రావడం అని ఏడుపొస్తోంది.

పాస్‌పోర్టులో ఆయన పేరు నడిపి గంగారాం. జగిత్యాల వైపు పల్లె. ఇంట్లో పెద్ద గంగారాం, చిన్న గంగారాం కూడా ఉన్నారు గనక ఈయన నడిపివాడయ్యాడు. తబూక్‌కు దిగువన ఎర్రసముద్రం ఒడ్డున, జనసంచారం లేని చోట, చేపల పడవలు వచ్చి ఆగేందుకు మేమొక జెట్టీ కడుతున్నాం. అలల మధ్య నిలబడి కాంక్రీటు పోయడం కుదరదు. అందుకని స్లాబులన్నీ ఒడ్డు మీది యార్డులోనే పోసి, రోజుల తరబడి తడిపి గట్టిపరిచి, తర్వాత క్రేనుతో ఎత్తి నీళ్ళలోని స్తంభాల మీద కూర్చోబెడతారు. ఆ యార్డుకు ఆయన ఫోర్‌మన్.

సంస్మరణ వ్యాసాల్లో పోయినవాళ్ళంతా శాంతమూర్తులే. మా అన్న శాంతమూర్తి కాదు. మా తొలి పరిచయమే తిట్లతో మొదలైంది. కంపెనీ చూపించిన బావి నుంచి నీళ్ళు నింపుకుని వచ్చి ట్యాంకరు ఆపాను. ఆయన పైపు కింద దోసిలి పట్టి, గుక్కెడు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేశాడు.

"ఉప్పగున్నయ్. మలుపు బండి."

"అన్నా, పొద్దున్నించి తోలుకోని వచ్చినా. కాంక్రీటుకే గదా, తాగేదానికి కాదు గదా!"

"నువ్వు తాగని నీళ్లు దానికెట్ల తాపుతవ్? దానికి నోరు లేదనా?"

బండి మలిపాను. దారి పొడుగునా ఆయన వంశాన్నంతా తిట్టుకున్నాను. సాయంత్రానికి మంచినీళ్ళతో తిరిగొస్తే, నా కోసం కంచంలో అన్నం, పప్పు మూతపెట్టి ఉంచాడు. "తిను తమ్మీ. పొద్దటి కోపం పొద్దటితోనే వోయింది" అన్నాడు. నాది మాత్రం పోలేదు. అయినా తిన్నాను.

ఈ లోకంలో ఆయనకు ఒక్కటే శత్రువు, ఉప్పు. స్లాబు లోపలి ఇనుప చువ్వలకూ బయటి సముద్రానికీ మధ్య అడ్డంగా ఉండేది నాలుగు వేళ్ళ మందం కాంక్రీటు. అందులో ఎక్కడ చిన్న గీత పడినా, పగులు పడినా ఉప్పు లోపలికి దిగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, స్లాబు పగులుతుంది. "సముద్రానికి తొందర లేదు తమ్మీ. సందు దొరికేదాంక కూసుంటది" అనేవాడు. ఆ మాట ఆయన నోట విననివాడు మా క్యాంపులో లేడు.

నిర్మల్ నుంచి వచ్చిన రాజన్నకైతే ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. రాజన్న ఇనుప చువ్వలు కట్టే మనిషి. తాను ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతుర్ని ఇంతవరకు ఎత్తుకోలేదు. ఒకరోజు తెల్లవారుతుండగా, అప్పుడే పోసి నున్నగా చేసిన పచ్చి స్లాబు మీద మేకుతో ఆ పిల్ల పేరు రాసుకున్నాడు. గంగారామన్న వచ్చి చూశాడు. తాపీ తీసుకుని ఆ పేరు చెరిపేశాడు. రాజన్న ఆయన మీదికి ఉరికాడు.

"నా బిడ్డ పేరు తుడిపేస్తవా?"

"గీ గీతలకెల్లే ఉప్పు లోపటికి వోతది. రేపు నీ బిడ్డ పేరు కాడికెల్లే స్లాబు వలుగుతె నీకు మంచిగనిపిస్తదా? రాసుడెందుకురా, పిలువరాదు!"

అని రాజన్న చెయ్యి పట్టుకుని, ఫోను సిగ్నలు అందే ఇసుక దిబ్బ మీదికి లాక్కుపోయాడు. ఆ పిల్ల నిద్ర లేచి "నాయినా" అనేదాకా ఇద్దరూ ఆ దిబ్బ మీదే కూర్చున్నారు. కిందికి దిగాక రాజన్నకు కోపం లేదు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

ఈ వేసవిలో ఒక పొద్దున, స్లాబు పోత ముగిసిన కాసేపటికి, ఆయన ఛాతీ పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. ఆసుపత్రి ఉన్న పట్నం చాలా దూరం. క్యాంపు పికప్‌లో పక్కన కూర్చోబెట్టుకుని తోలాను. ఎంత తొక్కినా ఆ రోడ్డు తరగలేదు. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచాడు.

"పొద్దటి స్లాబు మీద తడి గోనెలు కప్పిండ్రా?"

"కప్పినారన్నా. నువ్వు మాట్లాడొద్దు."

మాట్లాడలేదు. ఇంకెప్పుడూ మాట్లాడలేదు. భార్యను తలవలేదు, బిడ్డలను తలవలేదు. ఒక మనిషి ఈ భూమ్మీద అన్న ఆఖరి మాట గోనెల గురించి! ఆ మాట మీద నాకింకా కోపమే. ఆ స్లాబుల మీద, ఆ సముద్రం మీద, ఆసుపత్రిని అంత దూరాన పెట్టిన ప్రతివాడి మీద కోపమే.

వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ సంతకాలు, ఆసుపత్రి కాగితాలు అన్నీ అయ్యేసరికి చాలా రోజులు పట్టింది. చివరికి పెట్టె ఇల్లు చేరింది. కర్మలయ్యాక ఆయన భార్య లచ్చక్క ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మస్తాన్ తమ్మీ, ఆయన పానమంతా ఆడనే వెట్టె. ఈడ ఇంటి గోడ మీద గూడ ఆయన పేరు లేదు. ఆడ ఏమన్న రాస్తరా?"

"రాస్తామక్కా" అన్నాను.

జెట్టీకి అప్పటికి ఒక్క స్లాబే మిగిలింది. అది పోసిన రోజు యార్డంతా వచ్చి చుట్టూ నిలబడ్డాం. ఇంజనీరుగారు చూడనట్టు సముద్రం వైపు తిరిగారు. మేకు రాజన్న చేతికిచ్చాను. ఎవరి చేతికివ్వాలో మాలో ఎవరికీ అనుమానం లేదు. రాజన్న మోకాళ్ళ మీద వంగి "గ" అని రాశాడు. అక్కడే ఆగిపోయాడు. "నాతోని కాదు భాయ్. ఇగో, అన్న ఈన్నే నిలవడి తిడుతున్నట్టున్నది" అని మేకు పారేసి, తాపీ అందుకుని, తాను రాసిన అక్షరాన్ని తానే చెరిపేశాడు. తర్వాత తడి గోనెలు కప్పి, వాటి పక్కనే కూర్చుని బావురుమన్నాడు. రాజన్నను ఓదార్చే శక్తి మాలో ఎవరికీ లేకపోయింది.

కంపెనీ కొత్త ఫోర్‌మన్‌ను పంపింది. మంచివాడే, గట్టిగా ఒక మాట అనడు. ట్యాంకరు వస్తే పైపు ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తాడు, అంతే. నేను ఏ నీళ్ళు తెచ్చినా నోట్లో పోసుకుని చూసే నాథుడు లేడు. నింపేముందు నేనే గుక్కెడు తాగి చూస్తున్నాను. అన్నా, నీకు నేను చేయగలిగిన తర్పణం ఇదొక్కటే. ఎన్ని బళ్ళు తోలినా నువ్వు పోయిన లోటు పూడదు. "మలుపు బండి" అనే గొంతు ఆ ఒడ్డున ఇక వినపడదు.

నిన్న క్రేను ఆ ఆఖరి స్లాబును ఎత్తి జెట్టీ కొసన కూర్చోబెట్టింది. ఫోటో తీసి లచ్చక్కకు పంపాను. నున్నటి స్లాబు, చుట్టూ నీళ్ళు. పేరెందుకు లేదో కింద రాద్దామని మొదలుపెట్టి, చెరిపేశాను. కాసేపటికి ఆమే ఫోన్ చేసింది.

"మంచిగున్నది తమ్మీ. పెద్దగ జేసి సూస్తున్న. పేరేడున్నదో దొర్కుతలేదు."