ఇరవైకి ఇరవై మార్కులు వేసిన పరిశోధన

ముందే హెచ్చరిస్తున్నాను, ఇది నా పరువు పోయిన కథ. పోయింది నా పరువొక్కటే అయితే మీకు చెప్పేవాణ్ణే కాదు. నా తెలివి పుణ్యమా అని ఒకావిడ పొట్టకూడు కూడా పోవాల్సింది.

హైటెక్ సిటీ మెరిసిపోతున్న రోజులవి. సాఫ్ట్‌వేర్ పరీక్షించే కంపెనీలో రెండేళ్లు పనిచేసి, లోకంలో దేన్నయినా పాసా, ఫెయిలా అని రెండు ముక్కల్లో తేల్చేయవచ్చని నమ్మినవాణ్ణి. ఆ నమ్మకంతోనే జూబ్లీహిల్స్‌లో ఒక పాత హీరోగారి బంగళా అద్దెకు తీసుకున్న ఆరోగ్య సంస్థలో చేరాను. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు మందులు, గర్భిణి పరీక్షలు, కుటుంబ నియంత్రణ సలహా అన్నీ ఒకే చోట, ఒకే రోజు ఇస్తే మేలా కాదా అని పరిశోధనలు వచ్చేవి. వాటిలో ఏది నమ్మదగిందో మార్కులు వేయడం మా పని. ఒక్కోదానికి ఇద్దరు, ఒకరిది ఒకరు చూడకుండా వేయాలి. ఇద్దరి మార్కులూ కలవకపోతే మూడో మనిషి తేల్చాలి.

నాకిచ్చిన మొదటి పరిశోధన ఒక కేంద్రం గురించి. దానికి మంచి మార్కులు పడితే అచ్చం అలాంటిదే కృష్ణానగర్‌లో తెరుస్తారు. ఆడవాళ్ల అభిప్రాయం అడిగారా? అడిగారు, టిక్కు. ఏమన్నారు? అందరూ బాగుందన్నారు, ఒక్క ఫిర్యాదు లేదు! ఒక్క తప్పూ దొరకని ప్రోగ్రాముకు మా కంపెనీలో మిఠాయిలు పంచేవాళ్లం. పిచ్చోడి చేతిలో రాయి అంటారు గానీ, నాలాంటి టెస్టరు చేతిలో టిక్కు మార్కు అంతకన్నా ప్రమాదం. టీ చల్లారేలోపే ఇరవైకి ఇరవై వేశాను.

రెండో మనిషి మా సుగుణ మేడం. ఆవిడ వేసింది ఆరు.

“ఏంటండీ ఇది? పెళ్లి చదివింపుల్లా ఇచ్చేశారు మార్కులు!”

“ఒక్క లోపమూ లేదు మేడం.”

“అదేనండీ లోపం. సరే, బాలమణిగారు తేలుస్తారు.”

బాలమణక్క కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టు. తనకు హెచ్‌ఐవీ ఉందని మా ఆఫీసులో తప్ప ఎక్కడా చెప్పుకోలేదు. మందులు వాడేవాళ్ల తరఫున మా కమిటీలో సభ్యురాలు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండగానే నేను గొంతు సవరించుకుని ఏమన్నానో వినండి, తిట్టుకోవాలంటే తిట్టుకోండి.

“మేడం, పరిశోధన నాణ్యత ఈవిడకెలా తెలుస్తుంది?”

“నిజమే తమ్మీ, నాకేం తెలుస్తది?” అంది బాలమణక్క. “గొక్కటి చెప్పు. వాళ్లని ఎవరడిగిన్రు?”

“అక్కడి నర్సే.”

“ఏడ అడిగింది?”

“మందులిచ్చే కిటికీ దగ్గర.”

“మందులిచ్చినంకనా, ఇయ్యకముందా?”

పేజీ తిప్పి చూశాను. ఇవ్వకముందే.

“ఇగ బాగలేదని ఎట్లంటరు? షూటింగ్‌ల డైరెక్టర్ చప్పట్లు కొట్టుమంటడు, కొడ్తం. సీను మంచిగున్నదనా?”

మేడం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనింకా తగ్గలేదు. “అయినా అందరూ బాగుందన్నారు కదక్కా...”

“మానేసినోళ్లని అడిగిన్రా? గా సెంటర్‌కు నేనూ పోయిన. నిండు హాల్ల పేరూ రోగమూ కలిపి ఒర్లుతరు. మల్ల పోలే. అసోంటిది మా గల్లీల వెడితే రేపటి సంది నాకు వేషం ఎవరిస్తరు? అన్నీ ఒక్కకాడ ఇస్తే మాకూ మంచిదే, మూడు రోజుల పని పాడుగాదు. గానీ గట్ల కాదు తమ్మీ.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ తిండి నా పెన్ను మీద ఆధారపడి ఉందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. చివరికి బాలమణక్క తేల్చాక ఆ పరిశోధనకు నాలుగు మార్కులు పడ్డాయి. పేర్లు పిలవకుండా టోకెన్లతో నడిపేలా మారిస్తేనే కృష్ణానగర్‌లో కేంద్రం తెరవాలని మేడం రాశారు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? బుద్ధి వచ్చిందని నలుగురికీ చూపించుకోవాలిగా! ఎవరడిగారు, ఎక్కడ అడిగారు, మానేసినవాళ్లను అడిగారా అంటూ కొత్త ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసి, మర్నాడు ఆఫీసువాళ్లందరి ముందూ చదివాను. అంతలో టోలిచౌకి నుంచి బిర్యానీ పొట్లాలు వచ్చాయి. పంచేది నేనే. బాలమణక్క పొట్లం కోసం చెయ్యి చాపింది. నేను ఇవ్వకుండానే అడిగాను.

“అక్కా, నా పట్టిక ఎలా ఉంది? మొహమాటం లేకుండా చెప్పు.”

“మస్తుగున్నది తమ్మీ! వంక వెట్టేటట్టే లేదు,” అంది, పొట్లం మీంచి చూపు తిప్పకుండా.

నేను గర్వంగా మేడం వైపు తిరిగాను. ఆఫీసంతా ఎందుకలా పడీ పడీ నవ్విందో అర్థమవడానికి నాకు సాయంత్రం అయింది.

ఆ బిర్యానీ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. పొట్లం నా చేతిలో ఉండగా ఈ జన్మలో ఎవరినీ అభిప్రాయం అడగను. ముందు ఇచ్చేస్తాను, తిననిస్తాను, చెయ్యి కడుక్కోనిస్తాను. ఆ తరవాత కూడా నేను గేటు దాటి వెళ్లిపోయి, అడగడానికి ఇంకెవరినైనా పంపిస్తాను.