స్పాయిలర్ ఊడలే, డిక్కీ తెరుసుకోలే!

ముందే చెప్తున్న, మధ్యల నవ్విన్రంటే ఆపేస్త. మొన్న మా బామ్మర్ది పెండ్లికి అందరు కార్ల సీట్ల మీద కూసొని వచ్చిన్రు గదా. తాళి కట్టేటప్పుడు మాత్రం నేను డిక్కీల ఉన్న. అవును, డిక్కీలనే! సగం మనిషిని లోపల, సగం బయట.

మొత్తం ఆ స్పాయిలర్ తోని వచ్చింది. నా కారు డిక్కీ మీద నల్లగ రెక్క లెక్క ఉంటది చూడుండ్రి, అదే. ఎడమ పక్క బోల్టు ఎప్పుడో లూజైంది. ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ ఎక్కితే చాలు, వెనక ఎవరో చప్పట్లు కొడుతున్నట్టు టపటప టపటప! నేను పాటల సౌండ్ పెంచి తోలేటోన్ని. అంతే, నాకు ప్రాబ్లం సాల్వ్.

కాని చైతూ, మా బామ్మర్ది, "బావగారూ, పెళ్లికొడుకు కారు మీదే!" అని నెల ముందే ఫిక్స్ చేసిండు. మీకు తెలుసు గదా, మాది నల్గొండ దిక్కు, మా అత్తగారోళ్లది కోస్తా, దిల్‌సుఖ్‌నగర్‌ల సెటిలైన్రు. లవ్ మ్యారేజ్ అయి ఇన్నేండ్లైనా ఆ ఇంట్ల నేను ఒక్క పని సక్కగ చేసింది లే. ఫ్యాన్ బిగిస్తే ఊగుతది, కుళాయి మారిస్తే కారుతది. మా మామయ్య పెద్దమనిషి, ఒక్క మాట అనడు. "పోనీలెండి అల్లుడుగారూ, ప్లంబర్‌ని పిలుద్దాం" అంటడు. ఆ "పోనీలెండి" ఉన్నది చూడు, తిట్టినా అంత మండదు! అందుకే ఈసారి ఎట్లనైనా సరే, ఈ పెండ్లిల శభాష్ అనిపించుకోవాలని గట్టిగ అనుకున్న.

పెండ్లి రోజు పొద్దున కారు తుడుస్తున్న. బట్ట తాకంగనే స్పాయిలర్ ఎడమ రెక్క లేచి నిలబడ్డది! ముహూర్తమేమో మధ్యాహ్నం, ఫంక్షన్ హాలేమో పెద్ద అంబర్‌పేట్‌ల. పూలు కట్టేటాయన ఇంక గంటల వస్తడు. మా ఆవిడ స్వప్న వచ్చి చూసి నెత్తి పట్టుకున్నది.

"ఏవండీ, మెకానిక్‌కి ఫోన్ చేయండి."

"మెకానిక్ ఎందుకు? యూట్యూబ్ ఉన్నది."

"వద్దండీ. ఇవాళ ఒక్క రోజు వద్దు."

వింటనా? ఉరికి పోయి గమ్ము ట్యూబు తెచ్చిన. బండి అద్దాలు అతికేటందుకు వాడుతరంట, గంటల రాయి లెక్క అయితదంట. డిక్కీ లేపి, లోపల్నుంచి పాత బోల్టు బిగించిన. ఇగ గమ్ము పెడదామని ట్యూబు మూత తీసేసరికి మా మామయ్య ఎర్ర సూట్‌కేసు పట్టుకొని పరిగెత్తుకుంట వచ్చిండు.

"అల్లుడుగారూ, వర్జ్యం వచ్చేస్తోంది! మంగళసూత్రాల పెట్టె ఇప్పుడే గడప దాటాలి. వర్జ్యంలో దాటకూడదు!"

"ఒక్క పది నిమిషాలు మామయ్యా."

"వర్జ్యం ఆగుతుందా అండీ పది నిమిషాలు?"

అదీ నిజమే. సూట్‌కేసు డిక్కీల పెట్టిండు. పెట్టి, "మంగళసూత్రాలున్న పెట్టెను బార్లా తెరిచి పెడతామా?" అని తనే డిక్కీ ధబ్బున మూసిండు. సరే, మూసినా నష్టమేంది, గమ్ము పైన గదా పెట్టేది అనుకున్న. గా అనుకోవడమే నా కొంప ముంచింది.

పెండ్లి కారు గదా అని ట్యూబు మొత్తం పిండిన. మొత్తం! స్పాయిలర్ మీద రెండు చేతులు పెట్టి, నా బరువంత ఏసి ఒత్తిన. రెండు చివర్ల నుంచి గమ్ము బయటికొచ్చి, డిక్కీకి బాడీకి మధ్యల ఉన్న సందులకు సల్లగ జారుతున్నది.

"అది సందులోకి కారుతోంది చూడండి," అన్నది స్వప్న.

"ఓవర్‌ఫ్లో అది. ఓవర్‌ఫ్లో అయితేనే గట్టిగ పట్టినట్టు."

కనబడ్డదంత తుడిచేసిన. గంట తర్వాత పట్టుకొని ఊపిన. కదల్తలే! మామయ్యను పిలిచి ఊపమన్న. ఆయన ఊపిండు. కదల్తలే! "అబ్బో, బాగా పట్టిందండీ!" అన్నడు. ఎన్నేండ్లకు! నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. పూలాయన వచ్చి దాని మీద బంతిపూలు, గులాబీలు కట్టిండు. ఫ్లైఓవర్ ఎక్కితే ఒక్క టప్పు లే. పాటలు బంద్ పెట్టి మరీ విన్న, ఆ సైలెన్స్ మస్తు అనిపిచ్చింది!

హాలు కాడ దిగినం. బ్యాండు, హారతి, ఎదురుకోలు, అన్నీ అయినయి. చైతూ పోయి పీటల మీద కూసున్నడు. అప్పుడు మామయ్య, "అల్లుడుగారూ, పెట్టె తీసుకొద్దామా" అన్నడు.

బటన్ ఒత్తిన. 'టక్' అన్నది. డిక్కీ లేవలే. మళ్ల ఒత్తిన. టక్. చెయ్యి పెట్టి లేపిన. ఊహూఁ! గప్పుడు చూసిన, సందు పొడుగూత గమ్ము నల్లగ, నున్నగ, రాయి లెక్క కూసున్నది. నా పానం గుండెల నుంచి జారి చెప్పులల్ల పడ్డది.

"ఏమైందండీ?" అన్నడు మామయ్య.

"జర... టైట్ అయినట్టుంది."

ఇగ గుంజుడు మొదలు. పట్టుకునేటందుకు ఏమున్నది? స్పాయిలరే! నేను, మామయ్య, ఇద్దరు బ్యాండోళ్లు కలిసి పట్టుకొని గుంజినం. కారు ఎగిరెగిరి పడుతున్నది. పూలన్నీ రాలిపోయినయి. స్పాయిలర్ ఊడలే, డిక్కీ తెరుసుకోలే! ఒట్టు, నా జీవితంల నేను చేసిన ఏ పనీ గంత గట్టిగ రాలే.

లోపల మైకుల పంతులుగారు మొదలుపెట్టిండు. "మంగళసూత్రాలు వేదిక వద్దకు తీసుకురావలెను." జర సేపాగి మళ్ల. "ముహూర్తం సమీపిస్తున్నది. మంగళసూత్రాలు!" మామయ్య మొఖం తెల్లగ పాలిపోయింది. ఈసారి "పోనీలెండి" కూడ అంటలేడు. గప్పుడు నిజంగ భయమైంది నాకు. ఏమన్న అంటే బాగుండు అనిపిచ్చింది.

స్వప్న ఒక్కతే తెలివిల ఉన్నది. "వెనక సీటు మడత పెడితే డిక్కీలోకి దారి ఉందిగా. దూరండి!"

"నేనా?"

"మరి? నేనా అతికించింది?"

సీటు మడిస్తే సందు ఎంతున్నదంటే, సన్నగ ఉన్న మనిషి పడతడు. నేను కూడ పడ్డ, పొట్ట దాక. పట్టుపంచె, లాల్చీ, నోట్ల ఫోన్ టార్చి. కాళ్లు డోర్ బయట గాల్ల. సూట్‌కేసు దొరికింది గాని, ఆ సందుల నుంచి బయటికి రాదు. అక్కడ్నే తెరిచి, ఒక్కొక్కటి చంక కింది నుంచి వెనక్కి అందిస్తున్న.

"ఇదేనా?"

"ఇది నాన్నగారి మఫ్లరండీ!"

"ఇదేనా?"

"చక్కిలాల డబ్బా! ఇది ఎవరు పెట్టారు ఇందులో?"

"ఇదేనా మరి?"

"చైతూ చార్జరు! ఏవండీ, ఎర్ర డబ్బా! చిన్న ఎర్ర డబ్బా!"

మైకుల, "మంగళసూత్రాలూ!" అంటున్నడు పంతులు. ఆఖరికి అడుగున చీరె మడతల మధ్యల డబ్బా దొరికింది! వెనక్కి ఇచ్చిన. మామయ్య అది పట్టుకొని ఉరికిన చప్పుడు వినబడ్డది. ఆ వయసుల గట్ల ఉరుకుతడని నేను కలల కూడ అనుకోలే.

కాసేపటికి గట్టిమేళం! డోళ్లు, సన్నాయి, దద్దరిల్లిపోతున్నది. నేను చీకట్ల, చక్కిలాల వాసన మధ్యల, ఒక్కన్నే పకపక నవ్వుతున్న. తాళి పడ్డది గదా! ఇగ బయటికొద్దామని ఎనక్కి జరిగిన. రాలే. పంచె ఎక్కడ్నో తట్టుకున్నది. పొట్ట అంతకన్న గట్టిగ తట్టుకున్నది.

గంతల అరికాళ్ల మీద ఏదో పడ్డది. అక్షింతలు!

గట్టిమేళం కాంగనే చేతిలవి నా మీద చల్లింది పెండ్లిపిల్ల నాయనమ్మ అంట. లోపలి గుంపు పడక గాలికి బయట కుర్చీల కూసున్నదంట. మొత్తం చూసింది. మామయ్య అక్షింతల పళ్లెంతోని తిరిగి రాంగనే అడిగింది. "ఏం నాయనా, ఇదేం పద్ధతి? మేమెక్కడా చూళ్లేదే!"

మామయ్య పళ్లెం సర్దుకున్నడు. వియ్యాలవారి ముందర పరువు పోతదాయె. "అదండీ... మా అల్లుడుగారిది నల్గొండ వైపు. వాళ్ల ఆచారం. తాళిని బావ కష్టపడి, పాక్కుంటూ వెళ్లి, తెచ్చి ఇవ్వాలి."

నేను లోపల్నుంచి "గట్లేం లేదు..." అనబోయిన. స్వప్న నా పిక్క పట్టుకొని గిల్లింది చూడు! నోరు మూసుకున్న.

"ఎంత మంచి ఆచారం!" అన్నది ముసలామె. ఇంకో గుప్పెడు అక్షింతలు నా పాదాల మీద.

ఆఖరికి బ్యాండోళ్లు చెరో కాలు పట్టుకొని గుంజిన్రు. నేను వచ్చిన, పంచె రాలే. లాల్చీ మోకాళ్ల దాక ఉండబట్టి బతికిపోయిన. బ్యాండోళ్లు ఊకుంటరా? ఇదీ ఆచారమే అనుకొని తీన్‌మార్ అందుకున్నరు!

మామయ్య దగ్గరికొచ్చి, నా లాల్చీ దుమ్ము దులిపి, మెల్లగ చెవిల అన్నడు. "శభాష్ అల్లుడుగారూ. పరువు నిలబెట్టారు." నేను కోరుకున్న మాటనే, కాని నేను పంచెతోని ఉన్నప్పుడు అని ఉంటే బాగుండు.

గంతటితోని అయిపోయిందనుకున్నరా? నిన్న ముసలామె మామయ్యకు ఫోన్ చేసింది. శ్రావణంల వాళ్ల రెండో మనవరాలి పెండ్లంట. "ఆ ఆచారం మా ఇంట్లోనూ జరిపించాలి, అల్లుడుగారిని తప్పకుండా పంపండి" అన్నదంట. మామయ్య పెద్దమనిషి గదా, మాట కాదనలేడు. "కారుతో సహా పంపిస్తానండీ" అని ఒప్పుకున్నడు.

అందుకే రోజూ పొద్దుగాల వాకింగ్‌కు పోతున్న. శ్రావణం లోపట జర పొట్ట తగ్గాలె. ఆచారమాయె, మధ్యల ఇరుక్కుంటే మా నల్గొండ ఇజ్జత్ పోతది!