పచ్చలైటును నమ్మని మనిషి

ఎలక్ట్రానిక్ సిటీలో అపార్ట్‌మెంట్లు కట్టేచోట నేను క్రేన్ నడిపేవాణ్ణి. పైనున్న నాకు కనబడని బరువును కిందినుంచి వాకీటాకీలో దింపించే పెద్దాయన ఛార్జర్ మీది పచ్చలైటును ఏనాడూ నమ్మలేదు. రోజూ పొద్దున్నే ఒక్కో బ్యాటరీనీ సెట్‌కు తగిలించి, మాట్లాడే బటన్ నొక్కిపట్టి, తెరమీది ఛార్జింగ్ గీతలు పడిపోతాయేమోనని చూసేవాడు.

"నొక్కినా నిలబడాలప్పా. అప్పుడే అది నిండినట్టు."

బరువు గాల్లో ఉన్నంతసేపూ "ఉండా, ఉండా" అని, తానున్నానని నాకు తెలిసేలా అంటూనే ఉండేవాడు. ఆ మాట ఆగితే నేను క్రేన్ ఆపాలి.

ఒకరోజు ఆయన రాకముందే పచ్చలైటు చూసి ఓ బ్యాటరీ తగిలించుకుని పైకెక్కాను. ఇనుప కడ్డీల కట్ట గోడ అవతలికి దిగుతుండగా ఆ గొంతు ఆగిపోయింది. క్రేన్ ఆపేశాను. చచ్చింది నా సెట్టేనని తెలిశాక భయం ఇంకా పెరిగింది. తన మాట నాకు వినబడటం లేదని తెలియక, ఆయన ఆ కట్ట కిందికి వెళ్తే?

ఎంతసేపటికో నిచ్చెన చప్పుడైంది. అరవై దాటిన మనిషి, జేబులో బ్యాటరీతో, రొప్పుతూ వచ్చాడు.

"ఎవురికీ ఏం కాలేదప్పా. ఉండా."

పాత బ్యాటరీ ఎవరు పెట్టారని అడగలేదు. కొత్తది తగిలించి, నా చేతికిచ్చే ముందు, బటన్ నొక్కిపట్టి గీతలు చూశాడు.