ఎర్రదారి వైపు కిటికీలు

2007లో నన్ను బళ్ళారి జిల్లాలో ఒక ప్రణాళికా కార్యాలయానికి సహాయ ఇంజనీరుగా వేశారు. ఇనుప ఖనిజానికి గిరాకీ మండిపోతున్న రోజులవి. లాడ్జీలు, షెడ్లు, డ్రైవర్ల క్వార్టర్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ప్లాన్లన్నీ చేత్తో సరిచూసే ఓపిక మాలో ఎవరికీ మిగల్లేదు. అందుకని భవన నియమాలను కంప్యూటరే సరిచూసే ప్రయోగమొకటి మా కార్యాలయానికి వచ్చింది. మిగతావాళ్ళు తలకాయ నొప్పి అని తప్పుకున్నారు. నాకు కుతూహలం ఎక్కువ, ముందుకు పోయాను.

ఆ పద్ధతి కొంచెం చెప్పాలి. మామూలు ప్లాన్‌లో కంప్యూటర్‌కు కనపడేవి గీతలే. ఏది గోడో, ఏది కిటికీయో దానికి తెలీదు. అందుకని ప్లాన్‌ను చిన్న చిన్న వాక్యాలుగా మార్చి ఇచ్చేవాళ్ళం: ఇది గది, ఈ గదికి ఈ కిటికీ ఉంది, ఈ కిటికీ ఆరుబయటకు తెరుచుకుంటుంది. వెబ్ పేజీకి ఉన్నట్టు ప్రతి వస్తువుకూ ఒక చిరునామా ఉంటుంది. కాబట్టి వేరే శాఖ తయారు చేసిన సమాచారాన్ని కూడా దీనికి ముడివేయవచ్చు. నియమాలనూ అదే తరహా వాక్యాలుగా రాస్తే, ప్రోగ్రాము రెండింటినీ పక్కపక్కన పెట్టి పాసో ఫెయిలో చెబుతుంది. ఆ నియమాలు రాసింది నేనే. బాగా రాశానని గర్వంగా కూడా ఉండేది.

యశ్వంతనగర్ దగ్గర పంపాపతి అనే లారీల యజమాని డ్రైవర్ల కుటుంబాలకు ఒక వరుస గదులు కట్టించాడు. ప్లాన్ మా ప్రోగ్రాములో ఒక్క తప్పూ లేకుండా పాసయింది. కట్టడం పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వడానికి, అంటే ఇక జనం ఉండవచ్చని రాసివ్వడానికి, తనిఖీకి వెళ్ళాను. జనం అప్పటికే చేరిపోయారు. అక్కడ అది మామూలే.

కిటికీలు ప్లాన్‌లో చూపిన చోటే, చూపిన కొలతలతోనే ఉన్నాయి. ప్రతిదానికీ లోపలినుంచి పాత లారీ టార్పాలిన్ కొట్టేసి ఉంది. వెనక గోడకు కంత కూడా లేదు. గదిలో కిరోసిన్ స్టవ్వు పొగ, ఆ పొగలో ఈరమ్మ అనే డ్రైవర్ భార్య, ఆమె ఒళ్ళో దగ్గుతున్న పసివాడు. టార్పాలిన్ ఎందుకని అడిగాను.

"తీస్తే బువ్వంతా ఎర్రగయితాది సార్. మూస్తే పొగ. దుమ్మో పొగో, ఏదో ఒకటి మింగల్ల గదా" అంది.

కిటికీలన్నీ ఖనిజం లారీలు ఎర్రదుమ్ము లేపుతూ పోయే దారివైపే ఉన్నాయి. లారీలు గదుల ముందే నిలుస్తాయి కాబట్టి, డీజిలూ టైర్లూ పోకుండా డ్రైవర్లు లోపలినుంచే కాపు కాయాలని పంపాపతి అలా కట్టించాడు. అది ఆ ప్రాంతపు లారీ యజమానులందరి పద్ధతి. మా నియమం అడిగింది ఆరుబయటకు తెరుచుకునే కిటికీ. ఆ దారి ఆరుబయలే, కాదనలేం.

కార్యాలయానికి వచ్చి ఖనిజం లారీలు తిరిగే దారుల సమాచారాన్ని తెచ్చి భవనం సమాచారానికి ముడివేశాను. ఉన్న కిటికీలన్నీ అలాంటి దారివైపే ఉన్న గదిని పట్టుకునే కొత్త నియమం రాశాను. పంపాపతి వరుస మొత్తం ఫెయిలయింది. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. మా అసిస్టెంట్ డైరెక్టర్ ఆ ఫలితం చూసి, ఈ నియమం ఏ గెజిట్‌లో ఉందని అడిగారు. లేదన్నాను. లేని నియమం కింద సర్టిఫికెట్ ఆపితే రేపు కోర్టులో నిలబడేది మీరేనన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను.

చేతిలో మిగిలింది ఒక్కటే. పంపాపతి కట్టబోయే రెండో వరుస ప్లాన్ అనుమతి కోసం మా దగ్గరే ఉంది. అతన్ని పిలిపించి ఫలితం చూపించాను.

"రూల్లో యాడుండాది సార్ ఇది?" అన్నాడు.

రూల్లో లేదనీ, ఈరమ్మ బిడ్డ దగ్గు చూసి అడుగుతున్నది నేననీ చెప్పాను. అతనికి ఆ పసివాడి మీద జాలి కలిగిందో, నాతో ముందుముందు పని పడుతుందనుకున్నాడో తెలీదు. కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. కొత్త వరుసకు కిటికీలు వెనక, గుట్టవైపు. వంట చేసే మూలన పొగ పోవడానికి గొట్టం.

ఆ వరుస తనిఖీకి నేనే వెళ్ళాను. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. గదుల్లో గాలి హాయిగా ఆడుతోంది. ఈరమ్మ ఏ గదిలో ఉందని అడిగాను. పాతదాంట్లోనే అన్నారు. కొత్త గదుల్లో లారీల ఆఫీసు క్లర్కులు, సూపర్‌వైజర్లు దిగారు. పంపాపతి మీద నాకు కోపం ఆగలేదు, గట్టిగానే అడిగాను.

అతను మాత్రం నిదానంగా చెప్పాడు. "గాలొచ్చే రూములు సార్, ఆఫీసోళ్ళు అడిగినారు. డ్రైవర్లు లారీలు సూసుకుంటా ఉండల్ల గదప్పా."

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పనిలో ఉండి, ఎన్నో నియమాలు కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాశాను. గదికి కిటికీ ఉందా, కిటికీకి గాలి వస్తుందా అని అడగడం కష్టం కాదు. గాలి వచ్చే గది ఎవరికి దక్కాలన్నది అడిగే నియమం మాత్రం మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఉన్న నియమాన్నే యంత్రం సరిచూస్తుంది.