గది బయటికొచ్చేదాకా

అమీర్‌పేటలో పాఠం చెప్పేవాళ్లు దొరికేవారు గానీ చోటు దొరికేది కాదు. మెట్ల మీద కుర్చీలు వేసి జావా చెప్పిన రోజులవి. మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపే సారు వెతికి వెతికి విసిగిపోయి, సినిమా షూటింగులకు తిరిగి రిటైరైన ఒక పాత క్యారవాన్ కొని, పంజాగుట్ట సందులో ఖాళీ ప్లాటు మాట్లాడి అందులో నిలబెట్టారు. జీపు వెనక తగిలించి లాగే బండి అది. చూడ్డానికి ఇరుకే. కానీ స్విచ్ నొక్కితే ఒక పక్క గోడ మొత్తం, కిటికీతో సహా, సొరుగు లాగినట్టు బయటికి జరిగేది. లోపల పాతికమంది పట్టే గది తయారయ్యేది. మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. సిగ్గేమీ పడలేదు.

పది దాటితే ఆ ప్లాటు కార్ల పార్కింగుకు కావాలి. కాబట్టి రోజూ పొద్దున్నే గదిని బయటికి తీయాలి, పదికల్లా లోపలికి తోసేయాలి. ఆ పని మా జీపు డ్రైవరు చూసేవాడు, అందరం ఆయన్ని అన్నా అని పిలిచేవాళ్లం. ముందు నాలుగు మూలలా జాకీలు పెట్టి, లోపల నేల మీద గ్లాసుతో నీళ్లుంచి, బండి మట్టంగా ఉందో లేదో చూసుకునేవాడు. తర్వాత కొక్కేలు తీసి, స్విచ్ మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని చప్పుడు వినేవాడు.

"చప్పుడు మారిందంటే వేలు తియ్యాలె చెల్లె. పాత బండి, బలిమి చేస్తే పగ పడ్తది," అనేవాడు.

నేనప్పుడు రిసెప్షన్‌లో ఫారాలు నింపేదాన్ని. గుంటూరు నుంచి కోర్సు చేయడానికొచ్చి, కోర్సయ్యాక ఆ కుర్చీకే అతుక్కుపోయాను. పాఠం చెప్పాలని ఎంత ఆశో! మధురానగర్ హాస్టల్లో అద్దానికి పాఠాలు చెప్పేదాన్ని, పక్క మంచం అమ్మాయి దిండు విసిరేది. అడగ్గా అడగ్గా సారు ఒప్పుకున్నారు.

"ఆదివారం డెమో మీరే చెప్పండి. జనం కూర్చుంటే ఆ బ్యాచ్ మీది. లేచిపోతే మాత్రం మళ్లీ నన్నడగొద్దు."

డెమో అంటే ఉచితం. నచ్చకపోతే మధ్యలో లేచి పక్క బిల్డింగులో ఇంకో డెమోకి పోతారు. అక్కడి పిల్లలకి మొహమాటం ఉండదు. నేను మాత్రం తక్కువ తిన్నానా, నా రోజుల్లో ఎన్ని డెమోల్లోంచి లేచిపోయానో!

ఆ ఆదివారం పొద్దున నాకో గొప్ప ఆలోచన వచ్చింది. అన్న ప్రతి శుక్రవారం జీపు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాడు. మరి ఇవాళ జీపు కదలదు, కదిలేది గది. గదికీ కింద రెండు చిన్న ఇనుప చక్రాలున్నాయి. వాటికి మాత్రం దిష్టి తగలదా? అన్న అవతలి పక్క జాకీలు బిగిస్తుండగా, నేను ఒక్కో చక్రం ముందు ఒక్కో నిమ్మకాయ పెట్టి దండం పెట్టుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అన్న స్విచ్ నొక్కాడు. ఒక కాయ పండుది, నలిగి ఊరుకుంది. రెండోది పచ్చిది, రాయిలా ఉంది. గది ఒక పక్క ముందుకొచ్చి, ఇంకో పక్క ఆగి, వంకరగా బిగుసుకుపోయింది. మోటారు మూలిగింది. ఫ్యూజు పోయింది. అప్పటికే పాతికమంది ప్లాటులో నిలబడి ఉన్నారు. గేటు దగ్గర వేరే ఇన్‌స్టిట్యూట్ మనిషి పాంప్లెట్లు పంచుతున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అన్న వంగి చూశాడు. "గీ నిమ్మకాయ ఎవలు పెట్టిన్రు?"

"నేనే అన్నా. దిష్టి తగలకుండా..."

ఆయన గోడ పట్టుకుని మరీ నవ్వాడు. "మస్తు తెలివి చెల్లె నీది! ఫికర్ చెయ్యకు. ఇరుక్కుంటే ముంగటికి నూకొద్దు, జర ఎనక్కి తియ్యాలె. గంతే."

చేతితో తిప్పే ఇనుప హ్యాండిల్ ఒకటుంది. దాంతో గదిని కొంచెం వెనక్కి తీసి, నిమ్మకాయని స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించి, మళ్లీ ముందుకు తిప్పడం మొదలుపెట్టాడు. ఒక్కసారి తిప్పితే వేలెడు కూడా జరగదు. ముగ్గురు గేటు వైపు నడిచారు. వాళ్ల వీపులు చూసేసరికి నాలో ఏదో తెగింది.

"ఆగండి! డెమో మొదలైంది," అని అరిచాను. "ఈ గది పూర్తిగా బయటికి రావాలి. ఎన్నిసార్లు తిప్పాలో మనకి తెలీదు. మరి కంప్యూటర్‌కి ఎలా చెప్తాం?"

"వచ్చేదాకా తిప్పమని చెప్తాం," అన్నాడు ముందున్న కుర్రాడు.

"అదే లూప్! రండి, తిప్పండి."

ప్రతివాడూ తిప్పే ముందు "వచ్చిందా?" అని అడగాలి. అందరూ "రాలేదు!" అనాలి. అప్పుడు ఒక్క తిప్పు తిప్పి, వరుసలో చివరికి పోవాలి. గేటు దాకా వెళ్లిన ముగ్గురూ తిరిగొచ్చారు. పాంప్లెట్ల మనిషి కూడా కట్ట చంకలో పెట్టుకుని వరుసలో చేరాడు. ఇక ఆ సందంతా "రాలేదు! రాలేదు!" అని ఒకటే గోల. గది చివరికొస్తుండగా అన్న "ఆపుండ్రి!" అని కేకేశాడు.

"ఆపకపోతే?" అని అడిగాను.

"గోడ ఊడి మీద పడ్తది మేడమ్!" అన్నారు వరుసలోవాళ్లు. ఆపే షరతు ఎందుకో ఇక నేను చెప్పనక్కర్లేకపోయింది.

సారు ఆ గోలలోనే వచ్చారు. ముఖం పాలిపోయింది. "ఏంటిది? మోటారుకేమైంది?"

"పాతది గద సార్," అన్నాడు అన్న, నా వైపు చూడకుండా. "ఒక్క తిప్పు మిగిలింది, మీరు సుత తిప్పుండ్రి."

సారు తిప్పారు. గది టక్కుమని కూర్చుంది. ఈలలు! అందరం లోపలికెక్కాం. చేతులకి గ్రీజుతోనే బోర్డు మీద రాశాను, గంటసేపు చెప్పాను, ఒక్కరూ లేవలేదు. అంత సంతోషం నాకు ఆ ఊళ్లో అదే మొదటిసారి.

చివర్లో ఒకమ్మాయి తలుపు దగ్గరున్న సారుని అడిగింది. "రేపు క్లాసు ఎన్నింటికి సార్?"

"నన్నడుగుతావేంటమ్మా?" అన్నారాయన, చేతి గ్రీజు రుమాలుకి తుడుచుకుంటూ. "బ్యాచ్ ఆవిడది."

అందరూ నా వైపు తిరిగారు.

"ఏడింటికి," అన్నాను. వెనకవాళ్లకి వినపడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాను. "ఏడింటికి రండి."